ఆళ్లగడ్డ ల్యాబులో తుడవని మెమరీ

లేదు, నేను ఒప్పుకోను. సాయంత్రం దాకా ఆగి ఉండాల్సిందని నంద్యాలలో మా కంప్యూటర్ షాపు నడిపే అన్న ఇప్పటికీ అంటున్నాడు. నేను ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

మా పని చిన్న ఆఫీసుల్లో, రక్తపరీక్షల ల్యాబుల్లో కంప్యూటర్లు చూసుకోవడం. నేను హైదరాబాదులో పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చి ఏడాది కాలేదు. ఆ పొద్దున ఆళ్లగడ్డ బస్సులో ఫోన్ చూస్తుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది: కెర్నెల్‌లో లోపం. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టంలో మెమరీని అన్ని ప్రోగ్రాములకూ పంచిపెట్టే భాగం. ఒక ప్రోగ్రాం వాడి వదిలిన మెమరీని తుడవకుండానే ఇంకోదానికి ఇచ్చేస్తోందట, ఎంగిలి పళ్లెం కడక్కుండా పక్కవాడికి వడ్డించినట్టు. పాత సమాచారం ముక్కలు బయటపడొచ్చు. అయినా ‘తక్కువ ప్రమాదం’ అని రాశారు. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే వీలున్నవాడే చూడగలడు కాబట్టి.

నేను వెళ్తున్న ల్యాబులో ఆ వీలు లేనివాడెవడు? రిపోర్టులన్నీ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. ల్యాబు నడిపే అక్క లోపల రక్తం తీస్తూ ఉంటుంది. వచ్చినవాళ్లే కౌంటర్ కుర్చీలో కూర్చుని, టోకెన్ నంబరు కొట్టి, ఎవరి రిపోర్టు వాళ్లు ప్రింటు తీసుకుంటారు. పాస్‌వర్డ్ గోడ మీదే రాసి ఉంటుంది.

“అక్కా, పది నిమిషాలు ఆపు, అప్‌డేట్ వేస్తా. లేకపోతే ఒకరి రిపోర్టు ఇంకొకరు చూసేయొచ్చు,” అన్నాను.

“ఏంది అబ్బీ, ఇంతమంది పరగడుపున కూసోనుండారు, ఇప్పుడు ఆపమంటాండావా?”

అన్నకు ఫోన్ చేశాను.

“తక్కువ అని వాళ్లే రాసినారు గదప్పా! నువ్వొచ్చి ఎక్కువ చేస్తాండావ్. సాయంత్రం మూసినాక చెయ్.”

ఒళ్లు మండింది. కళ్లకు చూపిస్తే గానీ నమ్మరనుకున్నాను. లోపం ఉందో లేదో చూడ్డానికి హెచ్చరికతోపాటు ఇచ్చిన పరీక్ష ప్రోగ్రాం దింపి, అదే కుర్చీలో కూర్చుని నడిపాను. తెర నిండా అర్థంలేని అక్షరాలు. వాటి మధ్యలో ముక్కలు: కోయిలకుంట్ల. స్త్రీ, 41. టీబీ పాజిటివ్.

నా వెనకే క్యూ ఉందని మర్చిపోయాను.

“కోయిలకుంట్లోళ్లు ఎవరప్పా ఈడ?” అన్నాడు నా భుజం మీదుగా చదివిన ఒకాయన. బెంచీ మీద కూర్చున్న ఒకామె వైపు తిరిగి, “ఏం మా, ఆడ బస్టాండుకాడ ఇడ్లీ బండి నీదే గదా? టీబీ అంట!”

“మొన్నగూడా నాలుగు తింటినే నేను!” అని ఇంకొకడు నవ్వాడు.

ఆమె పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి దూరంగా నిలబడ్డారు. ఆమె వాళ్లను చూడలేదు, నన్నే చూసింది.

“నాదేనా నాయనా అది?”

అక్క గ్లవ్స్ చేతులతోనే బయటికొచ్చి తెర ఆర్పేసింది. ఆమెను లోపలికి తీసుకుపోతూ, “ఆపప్పా. ఇప్పుడే ఆపి ఆ అప్‌డేట్ వెయ్,” అంది.

పది నిమిషాల్లో అప్‌డేట్ అయిపోయింది. ఆమె బయటికొచ్చాక తప్పయిపోయిందన్నాను.

“మందులు మింగుతాలే. బండికాడికి ఇంక ఎవరొస్తారు?” అని చెంగు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

“నువ్వు చూపకుంటే ఎవనికి తెలుస్తుండె?” అన్నాడు అన్న, నంద్యాలకు తిరిగి రాగానే.

జనం ముందు నడపడం నా తప్పే, అది ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఎవరెవరు కూర్చునేవాళ్లు? ఏ కుర్రాడో ఎవరి రిపోర్టో చూసి ఫోన్‌లో ఊరంతా పంపినా, ఎక్కణ్ణించి పోయిందో మాకు తెలిసేది కూడా కాదు. అన్నీ తెలిసి, మీరైతే నోరు మూసుకుని కూర్చునేవాళ్లా?