జగ్గమ్మక్క పాకం

మా తోటికోడలు జగ్గమ్మ నాలుక నిరుడు జ్వరంలో చచ్చిపోయింది. మాటలకి కాదు, మాటలకేం లోటు లేదు, రుచికి. ఆమదాలవలసలో మా వీధి ఆడపిల్లల సారెలన్నీ ఆమె చేతి వంటే. అలాంటి మనిషికి ఇప్పుడు పంచదారా పిండీ ఒక్కటే.

ఇంతలో ఆమె కూతురు బిందుని అత్తారింటికి పంపే రోజు వచ్చింది. సారెని అక్కడ ఇంటింటికీ పంచుతారు. అరిసె పాడైతే ఆ ఆడవాళ్లు పిల్లని ఏడాదంతా దెప్పుతారు.

"శ్రీకాకుళంలో కొనీద్దాం అక్కా" అన్నాను.

"నా కూతురికి నాను సెయ్యకపోతే ఇంకెవులు సేస్తారే" అంది. మొండిది. నాకు ఒళ్లు మండింది.

ముందు పంచదార చిలకలు పోసింది. మరుగుతున్న పాకంలో కాసిన్ని పాలు వేసి, పైకి తేలిన మడ్డి తీసేసి, తెల్లబడేదాకా గరిటెతో రుద్ది, చెక్క అచ్చుల్లో పోసింది. ఆరాక చిలకలు ముక్కులతో సహా ఊడి వచ్చాయి.

"పంచదార బిగుసుకుంటాది. బెల్లం మెత్తగా ఉంచుతాది. అందుకే సిలకకి అది, అరిసెకి ఇది" అంది. ఇన్నేళ్లూ రెండూ తీపి కోసమే అనుకున్నాను నేను.

తర్వాత అరిసెలకి బెల్లం పాకం పెట్టింది. బెల్లం మా ఆయన సంతలో తెచ్చాడు. పాకం చుక్కని నీళ్లలో వేసి, ఉండ చేసి, పళ్లానికేసి కొట్టింది. టక్కుమనాలి. అనలేదు. ఇంకాసేపు కాచి, పళ్లెం దగ్గర చెవి పెట్టి మళ్లీ కొట్టింది. ఉండ వేళ్లకే అంటుకుంది.

"ఒసే గురమ్మా, ఈ బెల్లం నోట్లో ఏసుకో. ఉప్పుగా ఉన్నాదేటి?"

వేసుకున్నాను. ఉప్పే. చౌడు నేల చెరుకు బెల్లం. దాని పాకం ఎంత కాచినా గట్టిపడదు. ఎప్పుడూ ఆమే రుచి చూసేది కనుక మాలో ఎవరికీ చూడాలని తోచలేదు. రుచి తెలియని మనిషి చెవితో ఉప్పు పట్టుకుంది. నాకు కలిగినది భయమో భక్తో తెలియలేదు.

మా ఆయన్ని నాలుగు తిట్టి, వెంటబెట్టుకెళ్లి, ఈసారి నేనే కొరికి చూసి బెల్లం తెచ్చాను. ఉండ టక్కుమంది. పిండి కలిపి, వత్తి, నూనెలో వేశాం.

మొదటి అరిసె జగ్గమ్మక్కే తుంచుకుని చాలాసేపు నమిలింది. "మెత్తగా ఉన్నాది. తీపి సంగతి నువ్వు సెప్పాల" అని మిగతాది నాకిచ్చింది.

నా నోట మెప్పు అంత తేలిగ్గా రాదు, మా వీధంతటికీ తెలుసు.

"తియ్యగా ఉన్నాదక్కా" అన్నాను.

ఆమె నా మొహాన్నే చూస్తూ ఇంకో ముక్క నోట్లో వేసుకుంది.