మా ఇంట్లో ఇద్దరు కొత్త ఓటర్లు

ఎన్నికలొస్తే మా ఆయన బొగ్గు గనిలో కన్నా, మహారాష్ట్రలోని మా ఘుగ్గుస్ చౌరస్తా టీ కొట్టు దగ్గరే ఎక్కువ కష్టపడేవాడు. ఎవరు గెలుస్తారో, ఎందుకు ఓడతారో ఆయన చెప్పాకే కాలనీకి తెలియాలి. ఓటెయ్యని వాళ్ళంటే మండిపడేవాడు. "ఓటెయ్యనోనికి నల్లా బంద్ చెయ్యాలె" అనేవాడు. మా నల్లా ఎలాగూ సగం రోజులు రాదు కనుక ఎవరూ భయపడలేదు.

తన ఓటు తెలంగాణలో, సొంతూళ్ళో ఉందని చెప్పేవాడు. అక్కడ ఎన్నికలు జరిగినప్పుడల్లా సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బల్లార్షాలో రైలెక్కేవాడు. తిరిగొచ్చాక వేలి మీద సిరా ఏదని అడిగితే, "బొగ్గుల పనిచేసేటోని చేతికి సిరా నిలుస్తదా?" అని నన్నే దబాయించేవాడు. నమ్మాను. పెళ్ళయ్యాక ఇంతకన్నా పెద్దవే నమ్మాను.

మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోవడానికి ఆఖరి రోజున కాలనీ బడిలో శిబిరం పెట్టారు. మా ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని ముందు నడిచాడు, వెనక నేను. వరుసలో నిలబడ్డ పిల్లలకు ఓటు విలువ గురించి హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టాడు. చెవుల్లో పాటలు పెట్టుకున్న వాళ్ళు బతికిపోయారు.

బల్ల దగ్గర కూర్చున్నది మా వాడ అంగన్‌వాడీ టీచరు. పేర్లు రాసుకునే పని కూడా ఆమెకే అప్పగించారు. తండ్రి ఓటరు కార్డు నంబరు చెప్పమని అమ్మాయిని మరాఠీలో అడిగింది.

"నా కార్డు ఊళ్లె ఉన్నది, తాయీ" అన్నాడు మా ఆయన.

ఫరవాలేదు, ఎక్కడున్నా ఫోన్లో దొరుకుతుందంటూ ఆమె వెతికింది. నా పేరు వెంటనే వచ్చింది. ఆయన పేరు చంద్రపూర్‌లో లేదు. సొంతూరు చెప్పించుకుని అక్కడా చూసింది. పేరును రెండు మూడు రకాలుగా రాసి చూసింది. చివరికి తల అడ్డంగా ఊపి, "ఇకడే నాహీ, తికడే పణ్ నాహీ" అంది. ఇక్కడా లేదు, అక్కడా లేదు.

"కావాలనే తీసేసిన్రు! కుట్ర గిది!" అని మా ఆయన అరిచాడు.

మా అమ్మాయి సొంతూళ్ళో ఉన్న మేనత్తకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"మీ బాపుకు గీడ ఓటెప్పుడుండె బిడ్డా?" అందావిడ తాపీగా. "ఓట్ల నాడు వస్తడు, మటన్ తింటడు, పంటడు. లేసేసరికి పోలింగే అయిపోతది."

వరుసలో సగం మంది మన తెలుగువాళ్ళ పిల్లలే. పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నేళ్ళూ ఇక్కడ చంటిదాన్ని చంకనేసుకుని ఎండలో వరుసలో నిలబడి ఓటేసింది నేను. ఆయన నిద్రపోవడానికి వేసుకెళ్ళిన చొక్కాలు ఇస్త్రీ చేసిందీ నేనే.

"బాపూ, నువ్వు గూడ ఫారం నింపు. ఇయ్యాళ దాటితే మళ్ల దొరకది" అంది అమ్మాయి.

ఆయనకు మరాఠీ రాయడం రాదు. కూతురే రాసిపెట్టింది. ఇన్నేళ్ళూ ఎందుకు నమోదు చేసుకోలేదని టీచరు అడిగింది. షిఫ్టు డ్యూటీ అన్నాడు. "ఒక్కటే షిఫ్టా?" అన్నాను నేను. ఆయన బల్ల కేసి చూస్తూ సంతకం పెట్టాడు.

ఇద్దరికీ కార్డులొచ్చాయి. పోలింగ్ రోజున ముగ్గురం కలిసే వెళ్ళాం. మా ఆయన లోపలికెళ్ళాక ఎంతసేపటికీ మిషన్ కూత వినబడలేదు. "కాకా, గట్టిగా నొక్కండి!" అని అధికారి మరాఠీలో కేకేశాడు. చివరికెలాగో కూసింది. చెమటలు కక్కుతూ బయటికొచ్చిన మనిషి నన్ను పక్కకు లాగాడు.

"ఆగమాగమై ఏ బటన్ ఒత్తిన్నో నాకే సమజ్ కాలే. ఎవలకన్న చెప్పేవు, జర!"

చెప్పనని మాటిచ్చాను. ఇల్లు చేరేలోపు నలుగురికి చెప్పాను.