స్టాచ్యూ అత్తయ్య

స్టాచ్యూ అత్తయ్యకు కదిలే మనుషులంటే గిట్టదు. దారిన పోయే పిల్లలైనా, గ్యాస్ సిలిండరు మోసుకొచ్చే మనిషైనా సరే, ఎదురుపడితే చాలు, “స్టాచ్యూ!” అంటుంది. ఆవిడ “రిలీజ్” అనేదాకా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాల్సిందే.

అందరికంటే ఎక్కువ బిగుసుకున్నవాడు ఆవిడ మొగుడు, టైలరు. ప్యాంటు కొలతలు తీయడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయేవాడు.

“నడుం పట్టేసిందా ఏంటండీ?” అని కస్టమరు కంగారుపడేవాడు.

“లేదండీ, మా ఆవిడ ఇటుగా వెళ్ళింది.”

ఇంట్లో మరీ అన్యాయం.

“అరచెయ్యి బల్ల మీద పెట్టండి. స్టాచ్యూ! భుజం లాగుతోందా?”

“ప్రాణం లాగుతోందే తల్లీ!”

“అయితే ఇలా పనికిరాదు,” అంటూ ఇంకోలా కూర్చోబెట్టేది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం కదా, రోజంతా కదలొద్దని చెప్పీ చెప్పీ ఆ పిచ్చి నెత్తికెక్కిందని టైలరు సరిపెట్టుకున్నాడు.

మొన్న వాళ్ళ మనవరాలు సోఫా మీంచి దూకి మణికట్టు వాపు తెచ్చుకుంది. టైలరు ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. డాక్టరు ఎక్స్‌రే రాశాడు. తీరా అత్తయ్య ఎక్స్‌రే బల్ల ముందు కూర్చోబెడితే పిల్ల ఏడుపు లంకించుకుంది, చెయ్యి నిలపదు.

“తీసెయ్యవే! సరిగ్గా రాకపోతే ఇంకోటి తీద్దువుగాని,” అన్నాడు టైలరు, చూడలేక.

“ఇంకోటా? తప్పు కత్తిరిస్తే ఇంకో ముక్క తెచ్చుకోడానికి ఇదేమైనా మీ గుడ్డా? ఎదిగే ఒళ్ళండీ! ఆ కిరణాలు పెద్దవాళ్ళకంటే పిల్లలకే ఎక్కువ చేటు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మళ్ళీ తీయాలి. నా చేతుల మీదుగా ఏ పిల్లకీ అక్కర్లేని ఎక్స్‌రే ఒక్కటి కూడా పడకూడదు.”

“మరి ఇంట్లో నన్నెందుకే…”

“ఎలా కూర్చోబెడితే చెయ్యి నొప్పెట్టదో ముందు మీ మీద చూసుకోవద్దూ? నొప్పితో వచ్చిన పిల్లల మీద చూడమంటారా?”

ఇన్నాళ్ళూ తను విసుక్కున్నది ఇంత మంచి పనికా అని టైలరు మనసు పొంగిపోయింది. గబగబా ఎక్స్‌రే గది అద్దాల కిటికీ అవతలికి వెళ్ళి, మనవరాలికి కనబడేలా ఒంటికాలి మీద నిలబడి, నాలుక బయటపెట్టి బిగుసుకుపోయాడు.

“చూశావా, తాతయ్య స్టాచ్యూ! నువ్వు గెలుస్తావా, తాతయ్య గెలుస్తాడా?” అంది అత్తయ్య.

పిల్ల ఏడుపు మింగేసి రాయిలా కూర్చుంది. ఒక్కటే ఎక్స్‌రే, చక్కగా వచ్చింది. ఎముక విరగలేదు.

తర్వాత ఇంకో పిల్ల, తల్లి చంకలో ఏడుస్తూ వచ్చింది. టైలరు కాలు దించనేలేదు.

“ఈయనెవరండీ?” అంది ఆ తల్లి, బిత్తరపోయి.

“మా ఆయన. కదలకుండా నిలబడ్డంలో ఈయన తర్వాతే ఎవరైనా!” అంది స్టాచ్యూ అత్తయ్య.

ఆ మాటకు టైలరు ఛాతీ ఇంతెత్తున పొంగింది.

“ఏవండీ,” అంది ఆవిడ, “కదిలారు.”