నిద్రపట్టిన గెలుపు

మొన్న పొద్దున్నే తిరువూరు మెయిన్ రోడ్డులో ఉన్న ల్యాబుకి రక్తపరీక్షకి వెళ్లాను. రాత్రి మాత్ర వేసుకుని, పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాల్సిన పరీక్ష అది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఏం టెస్టు అని అడిగితే లిథియం అన్నాను, నేను వేసుకునే మాత్ర రక్తంలో ఎంతుందో చూసే టెస్టు. పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ ఉలిక్కిపడి తన చేతిలోని చీటీని మడిచి పైటకొంగు కింద పెట్టుకుంది. ఆవిడ పక్కనే డిగ్రీ చదివే వయసున్న కూతురు తల వంచుకుని కూర్చుంది. కాసేపాగి ఆ తల్లి నా వైపు వంగి, గొంతు బాగా తగ్గించి, “మీకెందుకండీ ఆ టెస్టు?” అంది.

“నాకు బైపోలార్ ఉందమ్మా. ముప్పై ఏళ్ల పైమాటే” అన్నాను, నా మామూలు గొంతుతో. డ్రిల్లు టీచరుగా పనిచేసినదాన్ని కదా, నా మామూలు గొంతు గ్రౌండు అవతలి చివరికి కూడా వినపడుతుంది. ల్యాబులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. అప్పుడు ఆవిడ కూతురు తలెత్తి, “మీరు ఉద్యోగం చేశారా ఆంటీ?” అని అడిగింది. చేశాను, రిటైరయ్యాను అంటే, “పూర్తిగా చేశారా? మధ్యలో మానెయ్యకుండా?” అని మళ్లీ అడిగింది. పూర్తిగానే చేశానని చెప్పి రక్తం ఇచ్చి ఇంటికి వచ్చేశాను గాని, ఆ పిల్ల అడిగినదానికి నేను చెప్పిన జవాబు మరీ పొట్టిదనిపించింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

గంపలగూడెం వైపు ఒక హైస్కూల్లో నాకు పి.ఇ.టి.గా ఉద్యోగం వచ్చేనాటికి మా పెళ్లయి ఎంతో కాలం కాలేదు. మావారు తిరువూరులో కరెంటాఫీసులో గుమాస్తా. మా అత్తగారిది పెనుగొలను. మావారి చిన్నతనంలోనే మామగారు పోతే, ఉన్న కాస్త చేలో పత్తి వేసుకుంటూ, మిగతా రోజుల్లో కూలికి పోతూ ఒక్కగానొక్క కొడుకుని చదివించుకున్న మనిషి ఆవిడ. చీర మీద క్యాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని బస్సెక్కే కోడల్ని చూసి ఊళ్లో వాళ్లు నవ్వుకుంటుంటే, ఆవిడ మాత్రం ఆదివారం ప్రార్థన మందిరంలో పక్కన కూర్చున్నవాళ్లతో, మా కోడలు పరిగెత్తితే ప్రభుత్వం జీతమిస్తుందని గొప్పగా చెప్పుకునేవారు. షేరు ఆటోలు ఇంకా అంతగా రాని రోజులవి. బస్సు తప్పిపోతే ఏ ట్రాక్టరో ఎక్కి వెళ్లేదాన్ని. ఆడపిల్లలకి ఖోఖో నేర్పడమంటే నాకు ప్రాణం. పత్తి చేలల్లో వంగి వంగి పనిచేసిన పిల్లలకి నడుములో ఉండే ఆ చురుకుదనం నేను మరెక్కడా చూడలేదు.

ముందు వచ్చింది చీకటి. ఒక వేసవి సెలవుల్లో, కారణమేమీ లేకుండానే, నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నదాన్ని లేవలేకపోయాను. పలకరిస్తే ఏడుపు, పలకరించకపోయినా ఏడుపు, తల దువ్వుకోవడం కూడా కొండ ఎక్కినంత పని. ఎండదెబ్బ అన్నారు కొందరు, కడుపు పండలేదన్న దిగులు అన్నారు మరికొందరు, బద్ధకం అని మా పుట్టింటివాళ్లే అన్నారు. బడులు తెరిచేనాటికి దానంతటదే విడిపోయింది. విడిపోయిందని సంతోషించామే గాని, దాని వెనకాల ఏం వస్తున్నదో మాకెవరికీ తెలియదు.

వచ్చింది వెలుగు. అంత వెలుగు మనిషికి పనికిరాదని అప్పుడు నాకు తెలియదు. నిద్ర అవసరం లేకుండా పోయింది. తెల్లవారకముందే గ్రౌండులో ఉండేదాన్ని. మాట మీద మాట, ఆలోచన మీద ఆలోచన, ఒకదాన్ని పట్టుకునేలోపు ఇంకొకటి. మన మండలంలో ప్రతి ఊరికీ ఖోఖో కోర్టు ఉండాలనిపించింది. అనిపించడమేమిటి, వడ్రంగిని కూర్చోబెట్టి వేపదుంగలతో పోల్స్ చెక్కించి, ట్రాక్టరు మీద వేసుకుని, పెనుగొలనులో ఒక జత, వినగడపలో ఒక జత, ఎవరినీ అడక్కుండా, ఖాళీ కనపడిన చోటల్లా పాతించేశాను. మొదట్లో జనం చప్పట్లు కొట్టారు. మేడమ్ హుషారు చూడండి అన్నారు. తన ఇంటివాకిట్లో పోల్ పాతబోతుంటే ఒక రైతు అడ్డం వచ్చాడు, ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆగమన్నవాళ్లంతా నాకు శత్రువుల్లా కనపడేవారు, మావారితో సహా.

ఒకరోజు మధ్యాహ్నం తిరువూరు బస్టాండు మధ్యలో నిలబడి విజిల్ ఊదుతూ బస్సుల్ని నడిపించడం మొదలుపెట్టాను. బస్సులకి ఖో ఇవ్వడం తెలియట్లేదని, ఒకదాని వెనకాల ఒకటి వరసగా కూర్చోవాలని అరుస్తున్నాను. డ్రైవర్లు ముందు నవ్వారు, తర్వాత హారన్లు కొట్టారు, తర్వాత భయపడ్డారు. చుట్టూ జనం మూగారు. మావారు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకోబోతే, ఆయన ముఖం మీదే విజిల్ ఊదాను. ఎవరో తాడు తెమ్మన్నారు. ఆ మాట నాకు బాగా వినపడింది, ఇప్పటికీ వినపడుతుంది.

ఆ పూట మా అత్తగారు దేవుడు పంపినట్టు మమ్మల్ని చూడ్డానికి పెనుగొలను నుంచి బస్సులో వచ్చారు. దిగగానే ఈ గొడవంతా కనపడింది. గబగబా జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా విజిల్ జోలికి పోకుండా, నా పక్కన నిలబడి, కాసేపు నాతోపాటే బస్సుల్ని చూసి, “ఎండ పేలిపోతంది అమ్మాయ్. గొంతెండిపోయుంటది. దా, మజ్జిగ తాగొద్దువు గాని” అన్నారు.

“బస్సులు ఆగిపోతాయి అత్తమ్మా” అన్నాను.

“ఆగనీ. నువ్వు తాగొచ్చేదాకా ఆగుతయ్యిలే” అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కింద నేను నడిచాను. తాడు అన్న మనిషి పక్కనుంచే నడిచాం. ఆవిడ ఆగి అతని వైపు ఒక్క చూపు చూశారు. అంతే.

విజయవాడ తీసుకెళ్లారు. ఆసుపత్రిలో మొదటి రోజులు నాకు సరిగా గుర్తు లేవు. మనసు కాస్త నెమ్మదించాక డాక్టరుగారు, ముగ్గుర్నీ కూర్చోబెట్టుకుని, దీన్ని బైపోలార్ అంటారని, మనసు ఒకసారి మరీ పైకి, ఒకసారి మరీ కిందికి పోవడమే దీని గుణమని, వేసవిలో మంచం పట్టడమూ బస్టాండులో విజిల్ ఊదడమూ ఒకే జబ్బుకి రెండు ముఖాలనీ చెప్పారు. “బీపీ ఉన్నవాళ్లు మాత్ర వేసుకుంటూ సంసారాలు చేసుకోవట్లేదా? ఇదీ అంతేనమ్మా. నయమైంది కదా అని మానెయ్యకూడదు. నిద్ర చెడగొట్టుకోకూడదు. మీ వైపు ఎండలెక్కువ, నీళ్లు బాగా తాగాలి, ఈ మాత్రతో ఉప్పు మానకూడదు, రక్తపరీక్ష తప్పకూడదు” అన్నారు. అత్తగారు ఒక్కటే ప్రశ్న వేశారు. “మళ్లీ వచ్చేముందు మాకు తెలిసే ఉపాయం ఏవన్నా ఉందా బాబూ?” డాక్టరుగారు ఆవిడ వైపు తిరిగి కూర్చుని, చాలాసేపు ఆవిడకే చెప్పారు.

మా వాళ్లలో చాలామంది ఉపవాస ప్రార్థనలు చేయిస్తే చాలన్నారు. మందిరంలో అయ్యగారిని అడిగితే ఆయన, ప్రార్థన నేను చేస్తాను, మందు ఆ అమ్మాయిని వేసుకోమనండి, రెండూ దేవుడిచ్చినవే అని తేల్చేశారు. అత్తగారు పెనుగొలనులో చేను కౌలుకిచ్చి మా దగ్గరికే వచ్చేశారు. వీధిలో మాత్రం నాకు టైఫాయిడ్ వచ్చిందని చెప్పారు. ఎవరూ నమ్మలేదు, కానీ ఆవిడ ముందు మరో మాట అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

తిరిగి బడికి వెళ్లిన రోజు హెడ్మాస్టరుగారు మర్యాదగానే, కొన్నాళ్లు గ్రౌండు వద్దు, లైబ్రరీలో కూర్చోండమ్మా అన్నారు. ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు ఆయన దగ్గరికి వచ్చి వెళ్లారని తర్వాత తెలిసింది. చేతులు సన్నగా వణికేవి, దాహం తీరేది కాదు, ఒళ్లు వచ్చింది, బూట్ల తాడు కట్టుకోవడానికి వంగితే ఆయాసం. లైబ్రరీ కిటికీలోంచి ఖాళీ కోర్టు కనపడుతుంటే, ఈ మాత్రలే కదా నన్ను ఇలా చేశాయి అనుకుని ఎవరికీ చెప్పకుండా మానేశాను. మళ్లీ విజయవాడ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి ఇంటికి వచ్చాక అత్తగారు నన్ను తిట్టలేదు. పెరట్లో కూర్చోబెట్టుకుని, “నీకు లోపల ఎట్టుందో నాకు తెలవదు. బయట ఎట్టున్నావో నీకు తెలవదు. లోపలిది నువ్వు చెప్పు, బయటిది నేను చెబుతా. ఇద్దరం అబద్ధమాడొద్దు” అన్నారు. నేను సరేనన్నాను. నా జీవితంలో నేను పెట్టుకున్న ఒప్పందాలన్నిటిలోకీ గట్టిది అదే. మాట వేగం పెరిగినా, పొయ్యి మీద పాలు పెట్టి ఇంకో పనికి ఉరికినా, అర్ధరాత్రి బీరువా సర్దినా ఆవిడ చెప్పేసేవారు. నాకు కోపం వచ్చేది. కోపంతోనే బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని, కానీ వెళ్లేదాన్ని.

మరుసటి ఏడు బడి పిల్లలే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, మా టీముకి కెప్టెన్, లైబ్రరీ గుమ్మంలో నిలబడి, “టీచర్, మేం మాకు మేమే ఆడుకుంటన్నాం గాని, ఎవరు ఎప్పుడు ఖో ఇవ్వాలో తేలక తన్నుకుంటన్నాం. మీరొచ్చి కుర్చీలో కూర్చున్నా చాలు” అంది. నేను హెడ్మాస్టరుగారి గదికి వెళ్లి, నా జబ్బు పేరు నా నోటితో మొదటిసారి చెప్పాను. మాత్రలు వేసుకుంటున్నాననీ, తేడా వస్తే ముందు నేనే చెబుతాననీ, నాకు గ్రౌండు కావాలనీ అడిగాను. ఆయన, “నేను వరండాలో కూర్చుని చూస్తానమ్మా, మీకభ్యంతరం లేదు కదా” అన్నారు. కూర్చున్నారు కూడా. కొన్నాళ్లకి చూడడం మానేసి స్కోరు రాయడం మొదలుపెట్టారు.

ఆ ఏడాదే మా పిల్లలు జిల్లా పోటీల ఫైనల్సుకి వెళ్లారు. ఎదుటిది పట్నం బడి టీము, బూట్లూ బనియన్లూ అన్నీ ఒకే రంగు. మావాళ్లు ఒట్టికాళ్లతో. ఇలాంటి పోటీల ఉత్సాహమే నాకు ప్రమాదమని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు గనక, ముందురోజు మిగతా కోచ్‌లు వ్యూహాలు వేసుకుంటుంటే నేను మాత్ర వేసుకుని పెందలాడే పడుకున్నాను. పిల్లలకి వండిపెట్టే వంకతో అత్తగారు నా వెంటే వచ్చారు. ఆటలో ఆఖరి చేజింగ్, అంటే తరిమే వంతు, మాది. స్కోరు సమానమైపోయింది, వాళ్ల రన్నర్లలో ఇంకొక్క పిల్లని అవుట్ చేస్తే గెలుపు మాదే, టైము అయిపోవస్తోంది. ఆ పిల్ల చేప జారినట్టు జారిపోతోంది. నా చేతులు వణుకుతున్నాయి, అది మాత్ర వణుకో నా వణుకో తెలియదు. అప్పుడు మా కెప్టెన్ ఖో అందుకుని, పోల్ దాకా తరిమి, పోల్‌ని ఒంటి చేత్తో పట్టుకుని గాల్లోకి ఒరిగి, మోచెయ్యి గీరుకుపోతున్నా చాచిన వేళ్లతో ఆ పిల్ల మడమ అందుకుంది. విజిల్ మోగింది. హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టి కోర్టులోకి పరిగెత్తారు. పిల్లలు నన్ను ఎత్తబోయి, ఎత్తలేక, అందరం కలిసి మట్టిలో పడ్డాం. నేను నవ్వుతూ అత్తగారి కోసం చూశాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నన్ను పరీక్షగా చూస్తున్నారు.

“ఎట్టుంది అమ్మాయ్ లోపల?”

“సంతోషంగా ఉంది అత్తమ్మా. సంతోషంగానే ఉంది, అంతే” అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. పక్కన పిల్లలు కేరింతలు కొడుతుండగానే పట్టింది. అంత పెద్ద సంతోషం వచ్చి, నన్ను ఎక్కడికీ ఎగరేసుకుపోకుండా, నా పక్కనే పడుకుని నిద్రపోవడం నా జీవితంలో అదే మొదటిసారి. కప్పు హెడ్మాస్టరుగారి గదిలో పెట్టారు. నా గెలుపు మాత్రం ఆ నిద్రే.

తర్వాత అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. ఇంకోసారి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది, మందులు మార్చారు, ఒక ఏడాది పిల్లలతో ఎక్కడికీ వెళ్లలేకపోయాను. డాక్టరుగారి సలహాతో, జాగ్రత్తగా, ఒక కూతుర్ని కన్నాం. ఎన్నో టీములు కట్టాను, చాలాసార్లు ఓడాం, చాలాసార్లు గెలిచాం. ఆనాటి కెప్టెన్ ఇప్పుడు పోలీసు డిపార్టుమెంటులో ఉంది, మోచేతి మీద ఆ మచ్చ అందరికీ చూపిస్తుంది. నా రిటైర్మెంటు సభలో, ఒకప్పుడు నా చేతికి తమ పిల్లల్ని అప్పగించడానికి జంకిన తల్లిదండ్రులే మనవరాళ్లని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ఇప్పుడు ఆ గ్రౌండులో సగం మేర కొత్త గదులు కట్టేశారు. పిల్లలు ఆటోల్లో వచ్చి ఆటోల్లో వెళ్లిపోతున్నారు. ఆనాడు మాకు తెలియని మాటలన్నీ ఈనాటి పిల్లలకి ఫోనులో దొరుకుతున్నాయి, విజయవాడ పోకుండానే డాక్టరుతో మాట్లాడగలుగుతున్నారు. అది చూస్తే నాకు సంతోషమే. కానీ ఒక మనిషి మాట వేగాన్ని, నడక తీరుని, పాలు పొంగించిన రోజుల్ని ఏళ్ల తరబడి పక్కన కూర్చుని కనిపెట్టి చూసే తీరిక ఇప్పుడెవరికుందో నాకు తెలియదు. మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. ఆవిడకి చదువు రాదు. ఉండి ఉంటే ఇదంతా నా చేత చదివించుకుని, తనని పొగిడిన చోటల్లా అడ్డం తగిలి, ఇప్పుడు లోపల ఎట్టుందో చెప్పమని అడిగేవారు. బాగుంది అత్తమ్మా, బాగానే ఉంది అని చెప్పాలని నా నోరు ఈ పూటంతా కొట్టుకులాడుతోంది.