ఐసుపెట్టెలో మనవడి రక్తం

ఆ రోజు మా తమ్ముడికి నిజంగా జలుబు చేసిందా? ఇప్పటికీ నాకు తేలలేదు.

వాడు ఫ్యాక్టరీ నుంచి చేపల దుకాణాలకు ఐసు దిమ్మలు చేరవేసేవాడు. పాడైపోయే ప్రతిదానికీ వాడి దగ్గర ఒకటే మందు: కాస్త ఐసులో పెట్టడం. పాలకూ అదే, బెణికిన కాలికీ అదే, బావగారి కోపానికీ అదే. ఇక వెళ్లొస్తానని చెప్పడమంటే వాడికి పెద్ద కార్యక్రమం. గడప దగ్గర ఒకసారి, మెట్ల మీద ఒకసారి, వ్యాను ఎక్కాక హారను కొట్టి మరోసారి. "ఇంతకంటే ఉండిపోవయ్యా, మాకు శ్రమ తగ్గుతుంది" అనేవారు మావారు.

నా కూతురి కొడుక్కి పుట్టినప్పటినుంచీ దగ్గు, నోట్లో తెల్లపూత, విరేచనాలు. ఒకటి తగ్గితే ఇంకొకటి. అసలు సంగతి తెలియాలంటే రక్తంలోని తెల్లకణాలను రకాలవారీగా లెక్కపెట్టాలంది డాక్టరమ్మ. ఆ పరీక్ష చేసే ల్యాబు దూరాన ఉన్న పెద్ద ఊళ్లో ఉంది.

"నేను పట్టుకెళ్తా" అన్నాడు తమ్ముడు.

నర్సు రక్తం గొట్టం చేతికిస్తూ, "చల్లబడకూడదండీ, గదిలో ఉన్నట్టే ఉండాలి" అంది. వాడు బుద్ధిగా తలూపాడు. బయట మండుటెండ. వ్యాను ఎక్కగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గొట్టం గుడ్డ కప్పుకుని ఐసుపెట్టెలో హాయిగా ప్రయాణించింది.

టి కణాలు లేవు, నేచురల్ కిల్లర్ కణాలూ లేవు అన్నారు ల్యాబువాళ్లు. కానీ రక్తం చల్లబడింది కాబట్టి నమ్మలేమనీ, మళ్లీ తీయాలనీ అన్నారు.

"కిల్లర్లంటే హంతకులేగా డాక్టరమ్మా? లేకపోతే మంచిదేగా?" అన్నాడు తమ్ముడు.

"వాళ్లు మన పక్షం హంతకులండీ. వైరస్ దూరిన కణం కనిపిస్తే అక్కడికక్కడే చంపేస్తారు. టి కణాలు కాస్త నేర్చుకుని రంగంలోకి దిగుతాయి. పుట్టుకతో ఈ రెండూ లేని పిల్లాడికి జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది."

"ఉన్నవాటిని నా ఐసే చంపిందేమో?"

"కావచ్చు."

వాడి మొహం వెలిగిపోయింది. తప్పు తనదే కావాలని అంతగా కోరుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రెండోసారి వ్యాను జోలికి పోలేదు. గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాడు. పక్కసీటాయన చల్లనీళ్ల సీసా తీస్తే లేచి వేరే సీటుకు మారాడట.

ఫలితం మారలేదు. ఐసు తప్పేమీ లేదని తేలింది.

"నేనే చేసుంటే బాగుండేదక్కా" అని మెట్ల మీద కూలబడ్డాడు.

ఆ కణాలు పుట్టేది ఎముక మజ్జలోనేనట. అదృష్టం, పిల్లాడి అక్క మజ్జ సరిపోయింది. అది ఎక్కించి వాణ్ణి ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉంచారు. ముందు కిల్లర్ కణాలు వస్తాయట, టి కణాలు తీరిగ్గా. అందాకా ఎవరి తుమ్మూ ఆ గది దరిదాపులకు రాకూడదు. తమ్ముడు రోజూ ఫోను చేసి ఒకటే అడిగేవాడు: "హంతకులు దిగారా?"

ఒకరోజు "దిగార్రా" అన్నాను.

తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పరుగున వచ్చాడు. వరండా తలుపు దాకా వచ్చేసరికి అద్దం వెనక, నా కూతురి భుజం మీద పిల్లాడు కనిపించాడు. తమ్ముడు గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమిట్రా?"

"జలుబులా ఉందక్కా" అన్నాడు, మొహం గోడవైపు తిప్పుకుని.

కూర్చోమందామని కుర్చీ లాగి ఇటు తిరిగేసరికి వరండా ఖాళీ. కిటికీలోంచి చూశాను. వ్యాను గేటు దాటుతోంది. హారను మోగలేదు.