గద్దలు చదివే పేరు

లారీ టార్పాలిన్లు, గుడారాలు కుట్టీ కుట్టీ గుడారాలక్క చేతులు కాయలు కాశాయి, నోరూ ఏమంత మెత్తన కాదు.

దిక్కులేని కుక్కల ఆశ్రయంలో ఆటస్థలానికి నీడ కావాలనగానే, ఎండ ఎటు పడుతుందో చూడ్డానికి ఆమె ముందు మిట్టమధ్యాహ్నం వెళ్ళి కుక్కల మధ్య నేలమీద పడుకుంది. నీడ పడాల్సింది వాటి మీద కదా మరి.

గుడ్డ దానమిచ్చిన షావుకారు దానిమీద మూరెడేసి అక్షరాలతో తన పేరు రాయించి మరీ పంపాడు.

"కింద నిలబడ్డవాళ్ళకి పేరు కనబడాలట, అక్కా," అని నసిగాడు ఆశ్రయం మేనేజరు.

"రంగు పెచ్చులూడి కుక్కపిల్లల నోట్లో పడితే ఆయనొచ్చి కక్కిస్తాడా?"

మూలలకు బెల్టు పట్టీ వేసి రెండింతలు కుట్టింది. వాన నిలవకుండా ఒక మూల కిందికి దించింది. పేరును ఆకాశం వైపు తిప్పి కట్టేసింది.

"నీ నోటికో దణ్ణమే," అని గొణిగాడు నిచ్చెన పట్టుకున్న మొగుడు.

ప్రారంభం రోజు షావుకారు తలెత్తి చూశాడు.

"నా పేరేదమ్మా?"

"పైనుంది బాబూ. గద్దలు చదువుకుంటున్నాయి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. ఇప్పుడే విప్పి తిరగేసి కట్టమన్నాడు. ఆమె మూల తాడు కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరే విప్పండి. ముందు వాటిని లేపండి."

నీడలో కుక్కలన్నీ కాళ్ళు బారజాపుకుని నిద్రపోతున్నాయి. షావుకారు ఒక అడుగు వేశాడు. ముసలి కుక్క ఒకటి కళ్ళు తెరవకుండానే గుర్రుమంది.