ముందు చక్రాల బ్రేకులు

మా ఆయన పోయిన రెండో నెలలో కారు ముందు చక్రాల దగ్గర అరవడం మొదలైంది. బ్రేకు తొక్కితే ఇనుము మీద ఇనుము రాసినట్టు చప్పుడు. పదిహేనేళ్ళ నాటి కారు. ఆయన రోజూ గురజాల నుంచి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి దాంట్లోనే వెళ్ళొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అక్కడి క్యాంటీన్లో అన్నం కోసం వరసలో నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. తోటివాళ్ళెవరో కారు తెచ్చి మా వాకిట్లో పెట్టి, తాళాలు నా చేతికిచ్చి వెళ్ళారు.

నేను రెంటచింతల అవతల ఒక హైస్కూల్లో టీచర్ని. లైసెన్సు ఉంది, కారు నడపడం వచ్చు. దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమే నావల్ల కాలేదు. ఊళ్ళో ఏ షెడ్డుకు వెళ్ళినా ఆయన్ని ఎరిగినవాళ్ళే. "ఎట్టా జరిగిందమ్మా?" అని అడుగుతారు. మళ్ళీ చెప్పాలి. అప్పటికే చానామందికి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు ఎవరింటి సంగతో చెబుతున్నట్టు ఉండేది. ఏడుపు రాలేదు. ఆకలేస్తే తినేదాన్ని, నిద్రొస్తే పడుకునేదాన్ని. అంతే.

పక్కింటి పెద్దాయన బస్టాండు వెనక ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఇంట్లోనే ఉంటున్నాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఒకరోజు ఆయన మసీదు నుంచి కాలు ఈడ్చుకుంటూ వస్తూ, నేను కారు ఆపుతున్న చప్పుడు విని గేటు దగ్గర నిలబడ్డాడు.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపొయినయ్యమ్మా. ఇట్టాగే తిప్పితే డిస్కులు కూడా పోతయ్."

"మీరు మార్చగలరా బాబాయ్?"

ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి వదిలేశాడు. అది పక్కన వేలాడింది.

"నేను చెప్తా. నువ్వు చెయ్యి."

మా ఆయన గురించి ఒక్క మాట అడగలేదు. అందుకే సరేనన్నాను.

ఆదివారం పొద్దున్నే కొత్త ప్యాడ్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మా వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించాడు. జాకీ ఎక్కించకముందే చక్రం నట్లు కాస్త వదులు చేయమన్నాడు. అవి రాలేదు. "చేత్తో గాదు, స్పానరెక్కి నిలబడు" అన్నాడు. చీర కుచ్చిళ్ళు దోపుకుని స్పానర్ మీద నిలబడ్డాను. నట్టు కిర్రుమని కదిలింది.

చక్రం తీశాక, ప్యాడ్లను పట్టి ఉంచే ఇనప దిమ్మ కనిపించింది. దాని కింది బోల్టు విప్పి పైకి ఎత్తితే పాత ప్యాడ్లు చేతిలోకి వచ్చాయి. లోపలి ప్యాడ్‌కు మందమే లేదు. ఒట్టి ఇనప రేకు మిగిలింది. మా ఆయన ఇన్నాళ్ళూ దీంతోనే వెళ్ళొచ్చాడా అనుకున్నాను. దాన్ని పట్టుకుని ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. నల్లటి పొడి వేళ్ళకు అంటింది. పక్కన పెట్టేశాను.

"ఆ దిమ్మలో పిస్టన్ బయటికొచ్చుంటది చూడు. పాత ప్యాడు అడ్డం పెట్టి లోపలికి నొక్కు. నిదానంగా, కంగారేం లేదు."

నొక్కాను. కొత్తవి కూర్చోబెట్టాను. రెండో వైపు ఆయన చెప్పకముందే సగం పని చేసేశాను. "చెయ్యి తిరిగిందే!" అన్నాడు. పది గంటలకల్లా చక్రాలు బిగించడం అయిపోయింది.

పిస్టన్లను వెనక్కి నొక్కాక, బండి కదిలించేముందు పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గాని బ్రేకు పట్టదు. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తలూపాను. రాళ్ళు తీసేసి, బండెక్కి, హ్యాండ్‌బ్రేక్ దించి రివర్స్ గేరు వేశాను.

మా వాకిలి రోడ్డు కంటే ఎత్తు. కారు వెనక్కి జారింది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తాకింది. కాలి కింద ఏమీ లేనట్టే ఉంది.

"హ్యాండ్‌బ్రేకు! లాగమ్మా, లాగు!"

ఆయన కేక వినిపించింది. అద్దంలో ఎదురింటి ఇసక కుప్ప దగ్గరికొస్తోంది. రోడ్డు మీద ఎవరైనా ఉన్నారా అని కూడా చూడలేదు. చెయ్యి హ్యాండ్‌బ్రేక్ పక్కనే ఉంది, లేవలేదు. రానీ అనుకున్నానో, ఏమీ అనుకోలేదో నాకిప్పటికీ తెలియదు. కారు రోడ్డు దాటి ఇసకలో వెనక్కి దిగబడి ఆగింది.

ఆయన రోడ్డు దాటుకుని వచ్చి కిటికీ పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"తప్పు నాదేనమ్మా. పక్కన కూచుని నేనే తొక్కించాల్సింది. బెదిరిపొయ్యావా?"

"లేదు బాబాయ్."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"లేదా? బెదరాలి గదమ్మా!"

పెడల్ తొక్కాను. నాలుగోసారికి గట్టిపడింది. నేను వద్దంటున్నా వినకుండా ఆయన చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. రెంటచింతల రోడ్డు మీద, కొత్త ప్యాడ్లు పట్టు దొరికించుకోవాలని నలభైలో పోనిచ్చి మెల్లగా ఆపమని పదిసార్లు ఆపించాడు. ఆపినప్పుడల్లా ఎడమ చేత్తో తలుపు పట్టుకుంటూనే ఉన్నాడు.

మూడు రోజుల తర్వాత బడి నుంచి వస్తున్నాను. కల్వర్టు దిగగానే మేకల మంద రోడ్డుకు అడ్డంగా వచ్చింది. తొక్కగానే బ్రేకు పట్టింది. ముందున్న మేకకు జానెడు దూరంలో కారు నిలబడింది. అప్పుడు మొదలైంది బెదురు. మోకాళ్ళు అదిరాయి, చేతులు స్టీరింగ్ మీద నిలవలేదు, నోరు ఎండిపోయింది. ఇంజన్ కట్టేశాను. మేకలన్నీ దాటిపోయాయి. నేను కదల్లేదు.

మేకలు కాసే ఆవిడ కర్రతో బానెట్ మీద తట్టింది.

"ఏందమ్మా, పోవా?"

"పోతానమ్మా. కాసేపుండి పోతా."

ఆవిడ నన్ను తేరిపార చూసి, మందను వదిలేసి కిటికీ దగ్గరికి వచ్చింది. తన సీసాలో నీళ్ళు ఇచ్చింది.